గోడ దూకిన రాజుగారి తీగ

కనకగిరి రాజు మల్లభూపతికి నడివేసవిలో ఒక సరదా పుట్టింది. చెప్పులు లేకుండా తన తోటలో నడవాలట! నాలుగడుగులు వేశాడో లేదో, అరికాళ్లు చుర్రుమని గెంతుకుంటూ వెనక్కొచ్చాడు. రాజు గెంతితే నవ్వకూడదు కాబట్టి కొలువువాళ్లంతా దగ్గారు.

"నాకీ నేలంతా పచ్చగా, చల్లగా, మెత్తగా ఉండాలి! ఎలాగో మీరే చూడండి!" అన్నాడు రాజు.

ఈ మాట విని కొండదొర ఒకడు తీగమొక్కను కానుకగా పంపాడు. పందిరెక్కడం దానికి చేతకాదు. నేలమీదే పాకుతుంది, కణుపు కణుపుకూ వేళ్లు దించుకుంటుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. రాజు తన చేత్తోనే కొంత తోటలో నాటాడు. మిగిలినదాన్ని కుండీలో పెట్టించి, కొలువులో సింహాసనం పక్కన వేలాడదీయించాడు.

వానలు పడేసరికి తోటలో మట్టి కనబడితే ఒట్టు. పచ్చని ఆకులు, వాటిమధ్య చిట్టిచిట్టి పసుపు పూలు. రాజు ఉత్తకాళ్లతో అటూ ఇటూ పరుగెత్తి, ఆ సంబరంలో తోటల అధికారి భైరవరాయుణ్ణి కావలించుకున్నాడు.

"రాయుడూ! ఈ తీగ పాకినంత మేరా నీదేనయ్యా!"

రాజులు సంతోషంలో ఇలాంటివి అంటూనే ఉంటారు. పెద్దమనుషులు విని మరిచిపోతారు. భైరవరాయుడు పెద్దమనిషి కాడు. తోట ఎటూ రాజుదే, అక్కడ పాకితే తనకేం ఒరుగుతుంది? తీగ కొనలను మెల్లగా గోడమీంచి అవతలికి దించాడు. అవతల కుమ్మరి గురవమ్మ వాకిలి.

కనకగిరిలో ఒక ఆచారం ఉంది. రాజు చేత్తో నాటిన మొక్కకు కత్తి తగలకూడదు, రాజు పాదం తప్ప ఇంకో పాదం సోకకూడదు. తీగ వాకిలంతా పరుచుకుంది. గురవమ్మ కుండలు ఆరబెట్టుకునేది ఆ వాకిట్లోనే. పచ్చికుండలు చూరుకింద గుట్టపడ్డాయి, పొయ్యిలో పిల్లి లేవలేదు.

రాజుకు ఆకువక్క అందించే కాచన ఆ దారిన పోతూ ఆగాడు. గురవమ్మ గుమ్మంలోనే నిలబడి లబోదిబోమంది.

"వాకిట్లో అడుగేస్తే శిక్ష, వెయ్యకపోతే పస్తు! ఎలా బతికేది తమ్ముడూ?"

కాచన గోడపక్కన చతికిలబడి, వేలితో తీగ కొనను ఎత్తి చూశాడు. కుమ్మరి వాకిలి కదా, ఏళ్ల తరబడి మట్టి తొక్కి తొక్కి బండలా ఉంది. వేళ్లింకా దిగలేదు. కాచన మొహం వెలిగిపోయింది.

"గురవక్కా, ఓటికుండలు ఎన్నున్నాయి?"

"ఓటివా? కావలసినన్ని! ఎందుకూ?"

"వాటిలో మట్టీ, పాతపేడా నింపు. ఓటివైతే నీళ్లు నిలవవు, మరీ మంచిది. కత్తి తగలకూడదన్నారు, కాలు సోకకూడదన్నారు. చెయ్యి తగలకూడదని ఎవరూ అనలేదుగా! తీగను మెల్లగా ఎత్తి, ప్రతి కుండలోనూ ఒక కణుపు ఆనించి చిన్న రాయి పెట్టు. కొనలు నేలను తాకకుండా కిందొక కుండ బోర్లించు."

గురవమ్మకు సగమే అర్థమైంది. అయినా అలాగే చేసింది. మళ్లీ వానలు పడ్డాయి. తీగ కుండల్లో వేళ్లూని, అంచులు దాటి జలజలా కిందికి జారి, ఒక్క కుండ కూడా కనబడకుండా కమ్మేసింది. పల్లకీలో పోతూ భైరవరాయుడు తొంగి చూశాడు. వాకిట్లో పచ్చటి గుట్ట! ఆనందం పట్టలేక పల్లకీ మోసేవాళ్లను కూడా పొగిడాడు.

మర్నాడే కొలువులో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, తమరి మాట ప్రకారం గురవమ్మ వాకిలి నాదయింది. ఆమెను ఖాళీ చేయించండి."

రాజు మొహం వాడిపోయింది. మాట ఇచ్చినమాట నిజం. వెనక్కి తీసుకుంటే నవ్వులపాలు. ఓ మూల గురవమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుపు ఆపుకుంటోంది.

కాచన ఒక చేత్తో రాజుకు ఆకువక్క అందిస్తూ, రెండో చేత్తో పక్కన వేలాడే తీగ కొనను లాగి సింహాసనం చేతిమీద పడుకోబెట్టాడు. తర్వాత వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, లేవండి. ఇది రాయుడుగారి సింహాసనం."

కొలువంతా ఉలిక్కిపడింది. రాజు దిగ్గున లేచి నిలబడ్డాడు. భైరవరాయుడు గబుక్కున రాజు కాళ్లమీద పడ్డాడు.

"కాదు, కాదు! నాకొద్దు! పాకితే సరిపోదు ప్రభూ! వేళ్లెక్కడ దిగితే అదే నాది! ఈ తీగకు వేళ్లు కుండీలో ఉన్నాయి, కాబట్టి నాది కుండీ ఒక్కటే! తమ పాదాల సాక్షిగా కుండీ ఒక్కటే!"

"నిజమేనా రాయుడుగారూ?" అన్నాడు కాచన.

"నిజం! నిజం! నిజం!"

"అయితే వాకిట్లో వేళ్లెక్కడ దిగాయో చూసొద్దాం రండి."

కొలువంతా కుమ్మరి వాకిలికి తరలింది. గురవమ్మ వంగి ఆకుల్లోకి రెండు చేతులూ దూర్చి, మట్టికుండను పైకెత్తింది. ఇంకోటి ఎత్తింది. కింద నేల బోడిగా, నున్నగా ఉంది.

"రాయుడుగారి ఆస్తి ఇదిగో ప్రభూ. ఇంటికి మోయించుకోవచ్చు," అన్నాడు కాచన.

రాజు పకపకా నవ్వాడు. నములుతున్న ఆకువక్క గొంతుకు అడ్డంపడి, దగ్గి, మళ్లీ నవ్వాడు. ఈసారి ఎవరూ దగ్గలేదు, అందరూ నవ్వేశారు.

"మోయించుకో రాయుడూ! తీగ తెగిందో, ఆచారం ప్రకారం నీకే శిక్ష!"

కుండకూ కుండకూ మధ్య తీగ ఉందిగా! నెత్తిన తలో కుండ పెట్టుకుని భైరవరాయుడూ, పల్లకీ మోసేవాళ్లూ ఒకే వరసలో, ఒకే అడుగు వేస్తూ, పక్కవాటుగా గోడవైపు జరిగారు. ఒకడు తుమ్మబోతే అందరూ వాడి ముక్కు పట్టుకోబోయారు.

రాజు తన చేతి కంకణం తీసి కాచన చేతికి తొడిగాడు. కోటకు కావలసిన కుండీలన్నీ ఇకమీద గురవమ్మే చెయ్యాలన్నాడు. గురవమ్మ ఆ మాట వినిపించుకుంటేగా! చూరుకింది పచ్చికుండలు చంకకొకటి ఎత్తుకుని, అప్పుడే వాకిట్లోకి పరుగెత్తింది.