ఏలినవారి దోసిలి

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గనక ఒకానొక రాజ్యం అని ఊరుకుందాం. దాన్ని చండకేతు మహారాజు ఏలుతుండేవాడు. యుద్ధంలో ఆయన పరాక్రమం ఎంతటిదో ఎవరికీ తెలియదు, ఆయన ఏ యుద్ధానికీ వెళ్ళలేదు కాబట్టి. చేగోడీల దగ్గర మాత్రం ఆయనకు ఎదురులేదు. మంత్రులు కరువు గురించి విన్నవిస్తుంటే సింహాసనం మీంచి కరకరమని చప్పుడు వినిపించేది. వాళ్ళు దాన్నే సమాధానంగా తీసుకుని ఇళ్ళకు పోయేవారు.

ఆ ఇష్టం ఆయనకు తల్లి వల్ల అబ్బింది. రాజమాత తన చేత్తో చేగోడీలు వండి పెట్టేది. ఆమె పోయాక ఎందరు వంటవాళ్ళు మారినా ఆ రుచి మళ్ళీ తగల్లేదు. అందుకని రాజుగారు ఆమె పేర చేగోడీల పండుగ చేయించారు. ఇంటింటా చేగోడీలు వండాలి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వంటా చదువూ కలిపి నేర్పాలి, వండినవి కొలువుకు తేవాలి అని దండోరా వేయించారు.

జనం సంబరంగా తెచ్చారు. ఒక ఇంటివి వాము వేసినవి, మరో ఇంటివి నువ్వులద్దినవి, ఇంకో ఇంటివి పెసరపప్పు పైకి కనిపించేవి. ప్రతివాళ్ళూ అసలైన చేగోడీ ఇదే, మా నాయనమ్మ నేర్పింది అన్నారు. రాజుగారు అన్నీ రుచి చూశారు. ఒక్కటీ అమ్మ చేసినట్టు లేదు. ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. మామూలు వాళ్ళకు దుఃఖం వస్తే ఏడుస్తారు, రాజులకు వస్తే శాసనం చేస్తారు.

రాజ్యమంతటికీ ఇక ఒకటే చేగోడీ అన్నారు. అది ఎలా ఉండాలో తేల్చే పని ఆస్థాన పండితుడు గంభీర దీక్షితుల మీద పడింది. వారికి వంటింటితో ఉన్న పరిచయం "వడ్డించారా" అని కేకేసేంత వరకే. అయినా వెనకాడకుండా 'చేగోడీ దర్పణం' అని ఒక ఉద్గ్రంథం రచించారు. దోసెడు పిండి, అరసోలెడు నీళ్ళు, గుప్పెడు పెసరపప్పు, చిటికెడు ఇంగువ. అందులో విషయం ఇంతే, మిగిలిందంతా వారి వంశవర్ణన. ఈ కొలత తప్పిన ఇంటి పొయ్యికి లక్కముద్ర వేసి మూసేస్తామని శాసనం.

మొట్టమొదట దొరికింది కుమ్మరివీధి అచ్చాయమ్మ. చేగోడీలు అమ్ముకుని బతికే ఒంటరి మనిషి. పిండి కలిపాక వీధిలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, పిండితాళ్ళతో అక్షరాలు చుట్టించి వేయించేది. 'ర' కుదిరినవాడు 'ర' తినొచ్చు. 'ఠ' కుదిరితే మధ్యలో చుక్కతో సహా తినొచ్చు. ఇక దీక్షితులుగారి బడిలో అక్షరం తప్పితే బెత్తం, తప్పకపోతే మరిచిపోకుండా ఉండేందుకు మరో బెత్తం. పిల్లలు ఎటు పోతారో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. బడి సగం ఖాళీ అయ్యాక దీక్షితులుగారికి చేగోడీ నాణ్యత మీద హఠాత్తుగా శ్రద్ధ పుట్టింది. స్వయంగా వెళ్ళి అచ్చాయమ్మ పొయ్యి తనిఖీ చేసి, ఆమె పోసే పిండి దోసెడు కన్నా తక్కువ అని తేల్చారు. మర్నాడు కొలువులో విచారించి పొయ్యి మూయించాలని ఆజ్ఞ అయింది.

ఆమె ఏడుస్తూ విదూషకుడు కోనప్ప దగ్గరకు పోయింది.

"పొయ్యి మూస్తే నా నోట్లోకి నాలుగు వేళ్ళూ ఎలా పోతాయి బాబూ? ఆ పసివాళ్ళు మళ్ళీ బెత్తం కిందకి పోవాలి. నేను దోసెడే పోస్తాను. దేవుడు నాకిచ్చిన దోసిలి ఇంతే" అని చేతులు చూపించింది.

కోనప్ప ఆ చేతులు చూశాడు. ఆమె బుట్టలో మిగిలిన చేగోడీలన్నీ ఆలోచన కోసమని తినేశాడు. రేపు మూకుడూ పిండీ తీసుకుని కొలువుకు రమ్మని పంపించాడు.

మర్నాడు కొలువులో ఒక మూల నిప్పుల మీద లక్క కరుగుతోంది. ముద్ర పట్టుకుని భటుడు నిలబడ్డాడు. కోనప్ప లేచి, ఇంతటి శాసనం వేరే ఏ రాజ్యంలోనూ లేదని, ఉండే ప్రమాదం కూడా లేదని పొగిడాడు. చివరికి చిన్న సందేహమన్నాడు.

"దోసెడు పిండి అన్నారు. ఎవరి దోసిలి?"

దీక్షితులుగారు జాలిగా నవ్వారు. "నీలాంటివాడికే వస్తుందయ్యా ఆ సందేహం. శాసనం ఎవరిదో దోసిలీ వారిదే. ఏలినవారి దోసిలే ప్రమాణం."

రాజుగారు తన చేతులు తిప్పి చూసుకుని మురిసిపోయారు. అవి చేటలంత ఉంటాయి. అంతే, దోసిలి మాదే అన్నారు.

కోనప్ప చేతులు కట్టుకున్నాడు. అలాగైతే ఊళ్ళో అందరూ నేరస్థులేనని, ఇకమీదట ఎవరు చేగోడీ వండినా పిండి ప్రభువులే కొలిచి పోయక తప్పదని విన్నవించాడు. మాట ఇచ్చేశాక రాజు వెనక్కి తగ్గితే బాగుండదు. గంట తిరక్కముందే కోట వాకిట్లో పిండిగిన్నెలతో ఆడవాళ్ళు బారులు తీరారు.

మొదట్లో రాజుగారు దర్పంగానే పోశారు. కాసేపటికి మీసాలు తెల్లబడ్డాయి. వింజామరల గాలికి పిండి లేచి తుమ్ములు పట్టుకున్నాయి. ఇంగువ వాసన ఉంగరాలకు అంటుకుంది. పిండిబుట్ట ఎత్తిపట్టే పని దీక్షితులుగారికి దక్కింది, ప్రమాణం చెప్పింది వారే కదా. పొరుగు రాజ్యపు రాయబారి వచ్చి సేనాపతికి సాష్టాంగపడి, ఈ పిండివాణ్ణి కాస్త పక్కకు జరగమనండి అని మనవి చేసుకున్నాడు.

పొద్దు వాలేవేళకు అచ్చాయమ్మ వంతు వచ్చింది. రాజుగారికి చేతులు లేవడం లేదు. నువ్వే పోసుకోవమ్మా అన్నారు.

"ఏలినవారు చల్లగా ఉండాలి. నేను పోసుకున్నందుకే కదండీ పొయ్యి మూసేస్తున్నారు" అందామె.

చేసేది లేక రాజుగారే పోశారు. అచ్చాయమ్మ గ్రంథంలో ఉన్నట్టు అరసోలెడు నీళ్ళే మరిగించింది. సోల అందరికీ ఒకటే, దోసిలి మాత్రం ఎవరిది వారిదే. ఆ చేటలంత చేతుల పిండికి ఆ నీళ్ళు ఏ మూలకు? ముద్ద రాయిలా తయారైంది. ఎలాగో చుట్టి, వేయించి ఇచ్చింది. రాజుగారు కొరికారు. పెళుక్కుమని వినిపించింది. విరిగింది చేగోడీ కాదు.

రాజుగారు చెంప పట్టుకుని దీక్షితుల వైపు చూశారు. గ్రంథంలో దోషం లేదని, దోషం దంతంలోనే ఉందని దీక్షితులుగారు సెలవిచ్చారు.

కోనప్ప సైగ చేశాడు. అచ్చాయమ్మ ఈసారి తన దోసిలితోనే పిండి పోసి, తన పద్ధతిలో వండి ముందు పెట్టింది. రాజుగారు రెండోవైపు పళ్ళతో జాగ్రత్తగా కొరికారు. ఇంకోటి తీసుకున్నారు.

"అమ్మ చేసినవి కావు. కానీ వాటికి దగ్గర చుట్టాలే" అన్నారు చివరికి.

"ప్రభూ, రాజమాతగారు పిండి ఎవరి దోసిలితో కొలిచేవారు?" అని అడిగాడు కోనప్ప.

"తన దోసిలితోనే. చిన్న చేతులు అమ్మవి. నాకు మీసాలు రాకముందే నా చేతులు వాటిని మించిపోయాయి."

"అలాగైతే ఈ శాసనం ప్రకారం మొదటి నేరం రాజమాతగారిది. ముందు అంతఃపురంలో ఆ తల్లి పొయ్యికి ముద్ర వేయించి, తరవాత అచ్చాయమ్మ పొయ్యి సంగతి చూద్దాం. సెలవిప్పించండి, లక్క చల్లారిపోతోంది."

రాజుగారు తల వంచుకున్నారు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అని మంత్రులు కళ్ళు తుడుచుకోబోయారు. ఆయన నవ్వుతున్నారు, మీసాల్లోంచి పిండి రాలేలా.

శాసనం రద్దయింది. ఏ ఇంటి చేగోడీ ఆ ఇంటిదేనన్నారు. పిల్లల అక్షరాలకు అయ్యే పిండి ఇకపై కోట కొట్టునుంచి వెళ్ళాలన్నారు. మెడలోని ముత్యాల హారం తీసి కోనప్పకు ఇచ్చారు. అతను వద్దనలేదు.

"ఇంకొక్క మనవి ప్రభూ. కరిగిన లక్క పారేయడం దేనికి? ఆ ముద్ర దీక్షితులుగారి గ్రంథానికి వేయించండి, మళ్ళీ ఎవరూ విప్పకుండా."

అలాగే వేయించారు. ఆస్థానంలో ఎందరు పండితులున్నా రాజముద్ర పడిన గ్రంథం తనదొక్కటేనని దీక్షితులుగారు బతికున్నంత కాలం చెప్పుకున్నారు.