బొల్లవ్వ వద్దన్న కొసరు

బోడగుట్ట కింద బతికే జీవాల్లో ఎవరి గుణం వాళ్ళది. తను కూయందే తెల్లవారదని కోడిపుంజు నమ్మకం. గాడిద సాలవ్వ మోసినంత మోసి, ఇక మోయలేనప్పుడు ఉన్నమాట అనేస్తుంది. గొర్రె బొల్లవ్వది మరో రకం. ముందు కాళ్ళు ఎటు పోతే వెనకాల తనూ అటే. ఎందుకు పోతున్నామని అడగడం ఆ వంశంలో ఎవరికీ అలవాటు లేదు. అడుగుతూ నిలబడితే వెనకబడతారు, వెనకబడితే తోడేలు నోట పడతారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కార్తీకానికే గుట్ట మీద గడ్డి కాలిన చాపలా అయింది. సరిగ్గా అప్పుడే నక్క దిగింది. వాగు ఒడ్డున పందిరి వేసి, 'తళుకు విందు' అని బోర్డు కట్టింది. ఉలవ గుగ్గిళ్ళు, ఉలవచారు, మోదుగాకు విస్తర్లు. అప్పటికే ఆరు ఊళ్ళ పొలిమేరల్లో ఆరు పందిళ్ళున్నాయట, ఇది ఏడోది. వడ్డనకు వయసులో ఉన్న ఆడగొర్రెలు కావాలనీ, రోజుకో మోపు పచ్చగడ్డి ఇస్తాననీ చాటించింది.

బొల్లవ్వ కోడలు చుక్క పనికి కుదిరింది. చుక్కకు పాలు మరవని పిల్ల ఉంది. తల్లికి మేత లేకపోతే పిల్లకు పాలెక్కడివి?

రెండో రోజు చుక్క ఇంటికొచ్చేసరికి బొల్లవ్వ పోల్చుకోలేకపోయింది.

"ఏందే చుక్కా, నీ ఉన్ని ఏమైంది?"

"కత్తిరించారత్తా."

"ఇది కత్తెర పట్టే కాలమా? చలి ముందుంది గదా."

"మొత్తం తియ్యలేదులే. భుజాల కాడ, ఎద కాడ, తొడల కాడ. మిగతాది ఉంచారు."

బొల్లవ్వ కోడలి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ మిగతాదేదో వెతుక్కోవాల్సి వచ్చింది. నడుముకు మాత్రం ఒక మువ్వల పట్టెడ కనబడింది.

"ఇదేంది?"

"నడిస్తే మోగాలంట. మోగకపోతే మళ్ళీ నడిపిస్తారు."

"మరి ఉన్నెందుకు తీశారు?"

"విస్తట్లో వెంట్రుకలు పడతాయంట."

"తొడల మీదివే పడతాయా? వీపు మీదివి పడవా?"

"నేనూ అదే అడిగా. అడిగేవాళ్ళకు ఇక్కడ పని లేదన్నాడు నక్క." చుక్క దొడ్డి కంచె వైపు మొహం తిప్పుకుంది. "అడవి పంది మూతి పెట్టి రాసుకున్నా నవ్వాలంట, అత్తా. నవ్వు కూడా పనిలో భాగమంట. వచ్చే పున్నమికి కడుపు కింద కూడా తీస్తారంట."

బొల్లవ్వకు లెక్కలు రావు గానీ చలి తెలుసు. కడుపు కింద ఉన్ని లేని గొర్రె పుష్యమాసం దాటదు. పని మానేస్తే పిల్లకు పాలుండవు. మానకపోతే తల్లే ఉండదు. ఎటు చూసినా ఆమెకు ముందు నడిచే కాళ్ళు కనబడలేదు.

మర్నాడు పొద్దెక్కాక కనబడ్డాయి. పుంజు మెడ నిక్కించి ముందు నడుస్తోంది, వెనకాల మేకలు, బాతులు, పొట్టేళ్ళు.

"ఎక్కడికయ్యా?" అంది బొల్లవ్వ.

"తళుకు విందు మీదికి! గుట్ట పరువు పోతోంది!" అంది పుంజు.

ఇంకేం కావాలి? బొల్లవ్వ గుంపులో దూరింది. నిన్న పందిట్లో ముందు వరసలో కూర్చుని ఇకిలించిన పొట్టేళ్ళు నలుగురు ఇవాళ గుంపులో పిడికిలి లేపి నడుస్తున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

"తళుకు విందు!" అని పుంజు.

"మూసెయ్యాలి!" అని గుంపు. బొల్లవ్వ గొంతే అందరికంటే గట్టిగా వినబడింది.

వాగు దగ్గరికొచ్చేసరికి పాట మారింది.

"సిగ్గులేని గొర్రెలు!" అని పుంజు.

"పోవాలి! గుట్ట విడిచి పోవాలి!" అని గుంపు.

గుంపులో నడిచేవాళ్ళ వాటా ఎప్పుడూ రెండో సగమే. మొదటి సగం ఏమిటో బొల్లవ్వ చెవిన పడలేదు. "పోవాలి!" అని నోరంతా తెరిచి అరుస్తూ పందిరి ముందుకొచ్చింది. వాకిట్లో విస్తర్ల కట్టతో చుక్క నిలబడి ఉంది.

"నువ్వు కూడానా అత్తా? నన్నే పొమ్మంటున్నావా?"

బొల్లవ్వ గుంపు వెనక మూటలతో నిలబడ్డ సాలవ్వ పక్కకు తప్పుకుంది.

పుంజు కట్టెల మోపు ఎక్కి ఉపన్యాసం అందుకుంది. "ఒళ్ళు కప్పుకోవడం చేతకాని వాళ్ళ వల్ల మన పిల్లలు చెడిపోతున్నారు! గొర్రె కసాయినే నమ్ముతుందని ఊరికే అన్నారా!"

"పుంజన్నా," అని వెనక నుంచి సాలవ్వ కేకేసింది, "కత్తెర ఎవరి చేతిలో ఉందో అటు తిరిగి కూయరాదూ?"

"మధ్యలో నువ్వెవతివే?"

"మూటలు మోసేదాన్ని. ఉన్నమాటంటే ఉలుకెందుకు?"

ఈలోగా నక్క రెండు చేతులూ జోడించుకుని బయటికొచ్చింది. నక్క దండం పెట్టిందంటే ఏదో నోట కరుచుకునే ఉందని అర్థం.

"పెద్దలు కోపగించకండి. నా వ్యాపారం ఉలవలు. అది అసలు. ఈ తళుకంటారా, ఇది కొసరు. బజార్లో కొసరు వేస్తే ఎవరైనా కొట్లాటకొస్తారా? కావాలన్నవాళ్ళకు వేస్తాను. వద్దన్నవాళ్ళకు పెట్టనే పెట్టను. గుట్ట సాక్షిగా చెబుతున్నా. ఏమ్మా చుక్కా, నిన్నేమైనా కట్టేసి తెచ్చానా?"

చుక్క తల దించుకుంది. "లేదు."

"విన్నారుగా!"

"అసలు కంటే కొసరే ముద్దు!" అని లోపల్నుంచి ఒక అడవి పంది అరిచింది. పందులన్నీ గుర్రుమని నవ్వాయి.

పుంజు కాసేపు ఆలోచించి, "లోపలి పరిస్థితి స్వయంగా పరిశీలించాల్సి ఉంది," అంటూ కట్టెల మోపు దిగి లోపలికెళ్ళింది. ముందు వరసలోనే కూర్చుంది. పొద్దు వాలాక బయటికొచ్చి, "పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. రేపు మళ్ళీ రావాలి," అంది. అప్పటికి గుంపు ఎవరి దోవన వాళ్ళు పోయారు.

బొల్లవ్వ, సాలవ్వ కలిసి నడిచారు.

"సాలవ్వా, నేను పొమ్మన్నదెవర్ని?"

"నీ కోడల్ని."

"నేను నక్కను అనుకున్నా."

"అనుకున్నావు సరే. అన్నదెవర్ని?"

"మరి కట్టేసి తేలేదని చుక్కే ఒప్పుకుంది గదా? అయితే తప్పెవరిది?"

"ఆకలి కట్టేసి తెచ్చాక మళ్ళీ తాడెందుకే పిచ్చిదానా?"

"అంటే పుంజు చెప్పింది తప్పా? నక్క చెప్పింది తప్పా? ఒకరు పొమ్మంటారు, ఒకరు విప్పమంటారు. ఇద్దరూ దాని ఒంటి గురించే మాట్లాడుతున్నారు. నాకు తల తిరుగుతోంది. ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"నన్నడుగుతావేంది? నీ కాళ్ళు నీకున్నాయి గదా."

ఆ సలహా బొల్లవ్వకు అస్సలు అర్థం కాలేదు. తన కాళ్ళు తనకుండటం ఆమెకు ఎప్పుడూ సలహాలా తోచలేదు.

చుక్క ఆ పూట అత్తతో మాట్లాడలేదు. దగ్గు మాత్రం ఆగకుండా వచ్చింది. తెల్లవారి ఇంత గడ్డి నమిలి, పిల్లకు పాలిచ్చి, దగ్గుకుంటూనే పనికి పోయింది.

పొద్దెక్కాక బొల్లవ్వ దొడ్డి మూలలో ఉన్న పాత గొంగళిని నోట కరుచుకుని బయల్దేరింది. కోడలి ఒంటి మీద వేసి, నిన్నటి మాటకు ఏదో ఒకటి చెప్పుకోవాలని. ఏం చెప్పాలో తెలీదు. దారి పొడుగునా దాని గురించే ఆలోచన. అందుకని వెనక ఏం జరుగుతోందో గమనించలేదు. ముందు నడిచే అలవాటు లేనివాళ్ళకు వెనక్కి చూసుకునే అలవాటు ఎక్కణ్ణుంచొస్తుంది?

వెనకాల మంద వస్తోంది. కాళ్ళు కదలడం చూసి మొదటి గొర్రె లేచింది, దాన్ని చూసి రెండోది, ఇలా మొత్తం నూట నలభై.

దుమ్ము లేపుకుంటూ వస్తున్న మందను చూసి నక్క తన తోక తనే తొక్కాననుకుంది. ఒక్కసారే నూట నలభై ఆకులు! "దయచేయండి, దయచేయండి!" అంటూ దొరికిన చోటల్లా కూర్చోబెట్టింది. ముగ్గురు గొర్రెలు, ఒక పంది. ఇద్దరు గొర్రెలు, ఒక గండుపిల్లి. అలా వరసలన్నీ నిండిపోయాయి. పుంజు పరిశీలనకు ముందే వచ్చి చోటు పట్టుకుంది. మంచినీళ్ళ కావడి మోసుకొచ్చిన సాలవ్వ గుమ్మం పక్కన ఆగి చూస్తోంది.

"కూర్చోండవ్వా," అంది నక్క బొల్లవ్వతో. "గుగ్గిళ్ళు పొగలు కక్కుతున్నాయి. పైన కొసరు కూడా ఉంది."

బొల్లవ్వ నోట్లోని గొంగళి కింద పెట్టి ఆకు ముందు కూర్చుంది. "కొసరంటే ఏంది బాబూ? నిన్నటి నుంచీ బుర్ర పగిలిపోతోంది. చారెడు గుగ్గిళ్ళు ఎక్కువ వేస్తారా?"

"అది కాదవ్వా. మీ కోడలు మువ్వలు మోగించుకుంటూ అలా అలా నడిచొస్తుంది చూడండి, అదీ."

"అది నాకెందుకు?"

"ఊరికే ఇచ్చేదేనవ్వా!"

"ఊరికే ఇచ్చినా నేనేం చేసుకోను? నాకొద్దు."

"నాకొద్దు," అంది వెనకున్న గొర్రె.

"నాకూ వద్దు," అంది దాని వెనకది. వద్దు, వద్దు అంటూ ఆ మాట పందిరి చివరి దాకా పాకిపోయింది. నిన్నటి పొట్టేళ్ళు కూడా అలవాటు కొద్దీ "వద్దు" అనేసి, "ఏంది వద్దు?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నక్క నవ్వేసింది. "వద్దంటే మానె. ఏయ్ చుక్కా, గుగ్గిళ్ళు పట్రా."

చుక్క కదల్లేదు.

"ఏం, చెవుడా?"

"మా అత్త కొసరు వద్దంది."

"అంటే?"

"వద్దన్నవాళ్ళకు పెట్టనే పెట్టనని నిన్న గుట్ట సాక్షిగా మీరే అన్నారు. ఇలాగే వెళ్ళి వడ్డిస్తే పెట్టినట్టే గదా?"

చుక్క నడుముకున్న మువ్వల పట్టెడ విప్పి పొయ్యి గట్టు మీద పెట్టింది. కిందున్న గొంగళి తీసి మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పుకుంది. వడ్డనలో ఉన్న తక్కిన ఐదుగురూ ఆమెను చూశారు. వాళ్ళూ గొర్రెలే. ఉలవలు కప్పిన గోనెపట్టాలు లాక్కుని భుజాలకు చుట్టుకున్నారు.

"ఏయ్!" అని పెద్ద పంది అరిచింది. "మేం వద్దనలేదు! మా కొసరేది?"

"వస్తోంది, వస్తోంది! ఈ వరసలో కప్పుకుని, ఆ వరసలో విప్పి..." అంటూ నక్క వరసల వైపు చూసి ఆగిపోయింది. ఏ వరస చూసినా కలగలుపే.

"పంది దగ్గర విప్పి, గొర్రె దగ్గర కప్పి, మళ్ళీ పంది దగ్గర విప్పి!" అని సాలవ్వ గుమ్మం దగ్గర్నుంచి అందుకుంది. "అట్లా వడ్డించేసరికి గుగ్గిళ్ళకు బూజు పడుతుంది నక్కన్నా."

నక్క బొల్లవ్వ చెవి దగ్గరికి వంగింది. "అవ్వా, తమరు లేచి ఆ చెట్టు కిందికి దయచేస్తే, ప్రత్యేకంగా..."

"ఆకు ముందు కూర్చున్నాక తినకుండా ఎట్లా లేస్తాను? తప్పు గదా," అంది బొల్లవ్వ అమాయకంగా. ఆమె లేవనిదే మంద లేవదు.

గత్యంతరం లేక నక్క వడ్డన మొదలెట్టించింది. గొంగళి, గోనెపట్టాలు వరసల మధ్య తిరిగాయి. మువ్వల్లేవు, నవ్వుల్లేవు. చూడ్డానికేమీ లేకపోయేసరికి పందులు తల దించి ఆకులోకి చూశాయి. ఆ పందిట్లో అదే మొదటిసారి.

పెద్ద పంది ఒక ముద్ద నమిలి ఆగింది.

"ఇందులో ఉప్పేదిరా?"

"ఉప్పు మాట తర్వాత. నాకు రాయి తగిలింది."

"నాదాంట్లో పురుగు ఈదుతోంది."

"ఇన్నాళ్ళూ మనం తిన్నది ఇదేనా?"

"ఏమో! నేనెప్పుడూ చూళ్ళేదు."

"నిన్న పరిశీలించావుగా, నువ్వు చెప్పు పుంజన్నా," అంది గండుపిల్లి. పుంజుకు ఉన్నట్టుండి తన ఈకల్లో ఏదో దులుపుకోవాల్సిన పని పడింది.

గొర్రెలకు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. గుగ్గిళ్ళు తిని, విస్తర్లు కూడా తినేశాయి.

పెద్ద పంది లేచి నిలబడింది. "నక్కా, నీ అసలు ఇదా?"

నక్క మెల్లగా పొయ్యి వైపు జరిగింది. అసలు అని గుట్టంతా వినేట్టు చెప్పింది తనే. కొసరు చేతిలోంచి జారిపోయింది. పందులు ఆకులు విసిరాయి, తర్వాత గంగాళం బోర్లించాయి, తర్వాత పందిరి రాట ఒకటి ఊడింది. పందులకు ఆడవాళ్ళ మీద జాలి పుట్టిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. వాటి కోపమంతా ఉప్పు గురించే. ఉలవచారులో తడిసిన నక్క పొయ్యి వెనక సందులోంచి దూరి వాగు దాటి పోయింది. మిగతా ఆరు పందిళ్ళ సంగతి ఏమైందో ఇంకా కబురు లేదు.

పెరట్లో నక్క పోగేసుకున్న పచ్చగడ్డి మోపులు దొరికాయి. పొదుపుగా వాడితే పుష్యం దాటిస్తాయి. ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత. సాలవ్వ వాటిని వీపున వేసుకుని దొడ్డి దారి పట్టింది. పుంజు కట్టెల మోపు ఎక్కి, తన ఊరేగింపు ఫలించిందని రెండుసార్లు కూసింది.

బొల్లవ్వ కోడలి పక్కన నడుస్తూ చాలాసేపు గింజుకుంది.

"నిన్న పోవాలి అని గొంతు చించుకుంటే అది నీకు తగిలింది. ఇవాళ వద్దు అని ఒక్క మాటంటే నక్క పారిపోయింది. నేనేం చేశానో నాకే తెలుస్తలేదు చుక్కా."

"నిన్న పుంజు మాట అన్నావత్తా," అంది చుక్క గొంగళి దగ్గరికి లాక్కుంటూ. "ఇవాళ నీ మాట అన్నావు."

బొల్లవ్వకు అదీ సరిగ్గా అర్థం కాలేదు. మీకు అర్థమయ్యేది ఒకటి చెబుతాను: కొసరు మీద బతికే కొట్లో అసలుకు ఉప్పుండదు.