గునపం కట్టుకెళ్ళే చిలకమ్మ

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదర్రా, బళ్ళొచ్చాకే. ఒక కొండ, కొండ కింద ఒక ఊరు. తారురోడ్డు మీదా, రాళ్ళదారి మీదా కూడా పరిగెత్తే ఎత్తు మోటారుసైకిళ్ళేసుకుని కుర్రాళ్ళు ఆ కొండెక్కేవాళ్ళు. సగంమంది దొర్లేవాళ్ళు.

దొర్లిన బళ్ళన్నీ ఇరవై ఏళ్ళుగా మెకానిక్కు గవరయ్య షెడ్డుకే వచ్చేవి. ఇంతలో చిలకమ్మ అనే ఆవిడ ఎదురుగా రేకులషెడ్డు వేసింది. ఆవిడా మెకానిక్కే. మూడు నెలల్లో బళ్ళన్నీ అటే వాలాయి. ఇక గవరయ్యకి అన్నం సయిస్తే ఒట్టు!

ముందు, ఆవిడ బోర్డుకి రెండింతల బోర్డు పెట్టాడు. ఎవరూ రాలేదు. తర్వాత, వచ్చినవాళ్ళకి ఊరికే టీ పోయించాడు. టీ తాగి, బండి అటు తోసుకెళ్ళారు.

"ఇదేం న్యాయంరా?" అన్నాడు ఉక్రోషంగా, టీ తాగి వెళ్తున్న ఒక కుర్రాణ్ణి ఆపి.

"ఏం చెయ్యను మావా? నువ్వేమో హ్యాండిల్ మార్చాల్సిందే అంటావు. ఆవిడ ఉన్నదాన్నే తిన్నగా చేస్తుంది. కాకపోతే ఎక్కడ పడ్డావు, ఏ పక్కకి పడ్డావు అని పెళ్ళిచూపుల్లో కన్నా ఎక్కువ అడుగుద్ది!"

అప్పట్నించీ గవరయ్యకి ఆ షెడ్డు మీదే కన్ను. బండి బాగుచేసిన ప్రతిసారీ చిలకమ్మ దాన్ని కొండమీదికి తోలి చూస్తోంది. వెనకాల గునపం కట్టుకుని మరీ!

గునపం ఎందుకు? గవరయ్యకి తోచింది ఒక్కటే. సంతలో నిలబడి అరిచాడు.

"దారిలో రాళ్ళు పాతుతోందర్రా! తనే పడేసి, తనే బాగుచేస్తోంది! రేపు పట్టుకొస్తా. పట్టుకోలేకపోతే నా షెడ్డుకి తాళం!"

తెల్లారి చిలకమ్మ బయల్దేరింది. గవరయ్య తన ఎత్తు బండి మీద వెంటపడ్డాడు. కళ్ళు దారి మీద లేవు, ఆవిడ గునపం మీదున్నాయి. మూడో మలుపులో ముందుచక్రం రాయిని గుద్దింది. బండి ఒక పక్క, గవరయ్య ఒక పక్క.

లేచి చూస్తే చక్రం తిన్నగా ఉంది, హ్యాండిల్ కుడికి తిరిగుంది. ఒళ్ళుమండి, హ్యాండిల్‌ని కొట్టడానికి రాయెత్తాడు.

"కొట్టకు మావా!" చప్పుడు విని చిలకమ్మ వెనక్కొచ్చింది. "దెబ్బలు తగిలాయా? ఏ పక్కకి పడ్డావు?"

"ఎడమకి," అన్నాడు నేల చూస్తూ.

"హ్యాండిల్ వంగలేదు. చక్రాన్ని పట్టుకునే గొట్టాలు బిగింపులో తిరిగాయంతే."

బోల్టులు వదులు చేసింది. చక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి హ్యాండిల్‌ని ఒక్క తిప్పు తిప్పింది. తిన్నగా వచ్చేసింది. బోల్టులు బిగించి, గునపం విప్పి, గవరయ్యని పడేసిన రాయిని పెకలించి లోయలోకి దొర్లించింది.

గవరయ్య నోరు తెరిచాడు. "నీ గునపం ఇందుకా? రాళ్ళన్నీ తీసేస్తే బళ్ళెలా పడతాయే? నీకేం మిగులుద్ది?"

"మనుషులు మిగుల్తారుగా మావా. నిన్న బండి తెచ్చిన కుర్రాణ్ణి పడేసిన రాయి పైనుంది. ఓ చెయ్యి వేస్తావా?"

వేశాడు. ఇద్దరూ దిగొచ్చేసరికి ఊరంతా కాచుకుని ఉంది.

"దొరికిందా మావా?"

"నేనే దొరికిపోయాన్రా," అన్నాడు గవరయ్య. చూసిందంతా దాచకుండా చెప్పి, తాళం తీసుకుని షెడ్డువైపు నడిచాడు.

చిలకమ్మ ఆ తాళం లాక్కుని, గునపం చేతిలో పెట్టింది. "తాళమేస్తే కుదర్దు. రేపు నాలుగో మలుపు."

అదర్రా సంగతి. పక్కవాళ్ళ మీద కుళ్ళుతో బండి తోలేవాడికి, తన ముందున్న రాయి పడ్డాకే కనిపిస్తుంది.