రెండు మట్టిగడ్డలు

మౌలాలి బాధల్లా ఒకటే. అతనికి ఏడుపు రావడం లేదు.

నల్లరేగడి చేల మధ్య ఉన్న దస్తగిరి తాత ఆశ్రమంలో చేరిన కొత్తలో, సాయంత్రం అందరూ కూచుని దేవుడి నామం చెప్పుకునే వేళ అతని కళ్లు ధారలు కట్టేవి. గడ్డం తడిసేది. చూసినవాళ్లు పుణ్యాత్ముడన్నారు, అతనూ కాదనలేదు. తర్వాత ఏమైందో ఏమో, ఒక్క చుక్క రాలితే ఒట్టు. నామం నోట్లో పుట్టి నోట్లోనే ఆగిపోయేది. చచ్చిపోయిన తల్లిని తలచుకుని బలవంతాన నాలుగు చుక్కలు పిండుకునేవాడు. దేవుడి ముందు కూడా నాటకమేనా అని తన మీద తనకే అసహ్యం వేసేది.

తాత అప్పజెప్పిన పని కూడా అంతంతమాత్రంగానే ఏడ్చింది. ఏటా ఉరుసు పండక్కొచ్చే బండ్లు, ట్రాక్టర్లు నిలబడి తొక్కిన జాగా అది. గడ్డపార కూడా దిగదు. అక్కడ గోంగూర వేయమన్నాడు తాత. గట్టి నేలకు మందు నీళ్లే అనుకున్నాడు మౌలాలి. బావి పక్కనున్న సగాన్ని ఒక్క పూట కూడా ఆరనివ్వకుండా తడిపాడు. అది బంకముద్దై కూచుంది, చల్లిన విత్తనం కుళ్లిపోయింది. నీళ్లందని రెండో సగం ఎండకు బీటలు వారి, చెయ్యి పట్టేంత నోళ్లు తెరిచింది.

ఆ బీటలు చూశాక అతనికి ఆశ చచ్చిపోయింది. నేలకు పట్టిన గతే తనకూ పట్టిందనుకున్నాడు. పొద్దున్నే సంచి సర్దుకుని సెలవడగడానికి వెళ్లాడు.

తాత తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"యాడికిరా పయనం?"

"ఇంటికి తాతా. నా గుండె ఎండిపోయింది. ఎండినోడికి ఈడేం పని?"

తాత బుజ్జగించలేదు, కోప్పడనూ లేదు. పోయేవాడివి పోదువులే, ముందు ఆ రెండు సగాల్లోంచి ఒక్కో మట్టిగడ్డ పట్టుకురమ్మన్నాడు. మౌలాలి తెచ్చాడు. ఒకటి చేతికి వెన్నముద్దలా ఉంది, ఇంకొకటి రాయి. తాత ఒక బేసిన్లో నీళ్లు పోసి ముందు పెట్టాడు.

"ఏది ముందు కరుగుతాదో చెప్పు."

ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు మౌలాలి మెత్తటిదాన్ని చూపించాడు. నానబెట్టి నానబెట్టి ముప్పాతిక పని తను ముందే చేసి పెట్టాడు కదా.

తాత రెండింటినీ నీళ్లలో వదిలాడు.

ఎండిన గడ్డ సుయ్యిమంది. ఒళ్లంతా బుడగలు లేచాయి. ఉబ్బింది, పొరలు విచ్చింది, పొరల్లోంచి పలుకులు రాలాయి. చూస్తుండగానే బేసిన్ అడుగున గుల్లమట్టి కుప్పై పడింది. తడిగడ్డ మాత్రం వేసింది వేసినట్టే ఉంది. మౌలాలి దాన్ని వేలితో పొడిచి చూశాడు. వేలికి అంటుకుంది గాని విడిపోలేదు.

"దానికి దప్పికైతే గదా తాగేది," అన్నాడు తాత.

మౌలాలి బేసిన్ పక్కన కూచుని, అడుగున పడ్డ గుల్లమట్టిని వేళ్లతో కదిపి చూశాడు. ఇన్నాళ్లుగా గుండెల మీద కూచున్న బరువేదో కదిలినట్టయింది. తాను చెడిపోలేదేమోనని మొదటిసారి అనిపించింది, అలా అనిపించినందుకే సంతోషమూ వేసింది. లేచి, సంచి గోడకు తగిలించి పార అందుకున్నాడు. ఇక బావి పక్క నీళ్లు పెట్టడం మానేస్తానని, రెండో పక్క మాత్రం బీటలన్నీ పూడ్చి చదును చేసేస్తానని, ఆ తెరుచుకున్న నోళ్లు తను చూడలేకపోతున్నానని తాతకు చెప్పాడు.

తాత పార కర్ర పట్టుకుని ఆపాడు.

"పూడిస్తే, రేపు వాన యాడ దిగుతాదిరా?"