తొమ్మిదంకెల తలుపు

అనగనగా ఒక కోట. దాని తలుపుకి ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి మూడేసి చొప్పున మూడు వరసల్లో తొమ్మిది అంకెల బిళ్ళలు బిగించాడు. ఏ మూల నాలుగు బిళ్ళలు పట్టుకున్నా చక్రంలా తిరుగుతాయి. అంకెలన్నీ వరసలో పడితేనే గడియ ఊడుతుంది.

“లెక్క వచ్చినవాళ్ళకే లోపలికి దారి!” అంటూ ఆయన బయట నిలబడి, కోటలో పూలమ్ముకోడానికొచ్చిన ఆడవాళ్ళ కళ్ళముందే చకచకా తిప్పి అంకెలు కలగాపులగం చేశాడు. ఎండెక్కుతోంది. బుట్టల్లో మల్లెలు వాడిపోతే ఆ పూట పొయ్యి వెలగదు. వాళ్ళలో నాంచారికి మాత్రం నవ్వాగడం లేదు. ఆయన తిప్పినంతసేపూ “వదినా, ఈ తిప్పు నీది, అక్కా, ఇది నీది, గుర్తుపెట్టుకోండి” అని పక్కవాళ్ళ చెవుల్లో ఊదుతూనే ఉంది మరి!

“ఇక రండే, చివరామె ముందు!” అంది.

ఒక్కొక్కరే వచ్చి ఎవరి తిప్పు వాళ్ళు వెనక్కి తిప్పేసి తప్పుకున్నారు. మొదటామె చెయ్యి తియ్యగానే గడియ టక్కుమని ఊడింది.

“ఎవరే మీకు లెక్కలు నేర్పింది?”

“లెక్కలెక్కడివి సామీ! దండలో ముడి తప్పితే కొసనుంచే కదా విప్పుకొస్తాం.”

“రేపు మీకు కనబడకుండా తిప్పుతా!”

“తిప్పండి సామీ. భోజనానికి తమరూ లోపలికెళ్ళాలిగా? తమరు తలుపు తియ్యగానే వెనకే వచ్చేస్తాం.”

శాస్త్రికి ఆ సంగతి అప్పుడే తట్టింది. మర్నాడు తలుపు బార్లా తెరిచి ఉంది.