జోగన్న గెడ్డలో ఉండగా

"గవిరేసూ, ఆ ఫోను పక్కన పెట్టి గుమ్మెట అందుకో."

మాస్టారు ఈ మాట అప్పటికే ఒకసారి అన్నారు. ఈసారి భుజం మీది తంబూరా కిందికి దించి మరీ అన్నారు. లింగమూర్తి మాస్టారు తంబూరా దించారంటే ఆయన ఓపిక అడుగంటిందని అర్థం. గజపతినగరం పక్కన మా ఊళ్లో ఆయన బుర్రకథ ఎత్తుకుంటే గాలి కూడా ఆగి వింటుందని నేననుకుంటాను గానీ, గవిరేసు మాత్రం ఆగడు.

ఫోను పక్కన పెట్టాడు గానీ, మాటలు పక్కన పెట్టలేదు. రాత్రి కబడ్డీ లీగులో మన రైడరు గీత దాకా వెళ్లి భయపడి వెనక్కి వచ్చేశాడట. తనే అక్కడుంటే కాలు చాపి బోనసు తెచ్చేవాడట. ఆ కోచ్‌ని ఇంటికి పంపితే తప్ప జట్టు బాగుపడదట. అక్కణ్ణించి టీవీలో శుక్రవారాలు వచ్చే కామెడీ స్కిట్ల మీదికి వెళ్లాడు. ఆ లావుపాటాయనకి టైమింగు పోయిందట, ఆడవేషం కట్టేవాడు పాత పంచులే తిప్పి వేస్తున్నాడట. అన్నిటికన్నా ఘోరం, పక్కన నిలబడేవాడట. అవతలివాడు ఏం చెబుతున్నాడో వినకుండా ముందే నవ్వేస్తాడట. "వాణ్ణి ఎందుకు పెట్టుకున్నారో నాకర్థం కాదు మాస్టారూ" అన్నాడు.

మాకు మాత్రం ఆ పూట వేరే పనుంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒక పక్క లోకం సంగతులు ముడిపెట్టి చెప్పే వంతని నేను. రెండో పక్క హాస్యం వంత. అతను గుమ్మెట వాయిస్తూ, ప్రతి చరణానికీ తందానతాన అంటూ, వినేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న వాళ్ల బదులు తనే అడిగి నవ్వించాలి. ఇన్నాళ్లూ ఆ చోట నిలబడిన బంగారయ్య తాతకి ఆయాసం పట్టుకుంది. ఆ చోటు కోసం గవిరేసు ఐటీఐ మానేసి మరీ మాస్టారి వెంట తిరుగుతున్నాడు. ఆదివారం ఊరి కబడ్డీ పోటీలయ్యాక అదే మైదానంలో మా కథ. గవిరేసు వాళ్లమ్మ అప్పుడే ఎర్ర తలపాగా గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయించింది, చుట్టాలకి కబురు కూడా పెట్టింది. ఈ పూట కథకి నిలబడగలిగితే గజ్జెలు నీవి, లేదంటే ముసలాయన్నే కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటానని మాస్టారు ముందే చెప్పేశారు. ఆ గజ్జెల మూట ఆయన పక్కనే, చాప మీద ఉంది.

ఇంత ఉండి కూడా గవిరేసు మళ్లీ ఆ రైడరు దగ్గరికే వెళ్లాడు. ఇంక చాలించరా, వాడి కాలు వాడిది, నీ నోరు నీది అని మాస్టారు కసిరారు. గవిరేసు చిన్నబుచ్చుకున్నాడు. కాసేపు గుమ్మెట తోలు మీద వేలితో గీతలు గీసి, అప్పుడడిగాడు.

"చూసేవాడికి ఒక అభిప్రాయం ఉండకూడదేటి మాస్టారూ? ఆడేవాడు ఆడతాడు, చూసేవాడు అంటాడు. అందులో తప్పేటుంది?"

మాస్టారు నుదురు రుద్దుకున్నారు. నాకూ విసుగ్గానే ఉంది, కానీ ఆ ప్రశ్న తీసిపారేసేది కాదనిపించింది. ఆయన ఏం జవాబు చెబుతారా అని ఎదురుచూశాను. ఆయన తంబూరా మళ్లీ భుజాన వేసుకుని, బొటనవేలికి తొడుక్కున్న ఇత్తడి అందె మోగించి, కథ ఎత్తుకున్నారు.

అది జోగన్న కథ, మా అందరికీ కంఠతా వచ్చినదే. వానలకి గెడ్డ పొంగి ఊరి పశువులు అవతలి గట్టున చిక్కుకుపోతే, జోగన్న అనే పాలేరు ఆ నీళ్లలో దూకి వాటిని దాటించుకొస్తాడు. ఇవతలి గట్టున వాళ్లమ్మ దీపం పట్టుకుని నిలబడి ఉంటుంది. కథ ఆ చోటికి వచ్చిందంటే నాకెప్పుడూ పాదాలు తడుస్తున్నట్టే ఉంటుంది.

గవిరేసు బాగానే అందుకున్నాడు. అతనికి గొంతుంది, చేతిలో తాళం ఉంది, ఎవరూ కాదనలేరు. కిటికీ అవతల టీకొట్టు టీవీలో రాత్రి మ్యాచే మళ్లీ వేస్తున్నారు. అతని కన్ను అటు పోయి వస్తోంది. చెయ్యి మాత్రం తప్పడం లేదు.

మాస్టారు పశువుల వెనకే జోగన్నని తిరిగి గెడ్డలోకి దింపారు. నడుముల్లోతు వచ్చింది, గొంతుల్లోతు వచ్చింది. అప్పుడు, రాగం వెంట్రుకంత కూడా మార్చకుండా, జోగన్న పట్టుకున్న ఆవు తోక జారిపోయిందన్నారు. సుడిలో పడ్డాడన్నారు. మునిగిపోయాడన్నారు.

"భళా, మంచి పని చేశాడన్నా" అన్నాడు గవిరేసు, గుమ్మెట మీద టకటకా వాయించి.

నా నోట తందాన రాలేదు. ఆ కథలో జోగన్న ఎప్పుడూ మునగడు. నేను నోరు తెరవబోతే మాస్టారు కంటితోనే ఆగమన్నారు. ఆయన పాడుతూనే ఉన్నారు. గాలికి తల్లి చేతిలో దీపం ఆరిపోయింది, ఆవిడ బురదలో కూలబడి చీకట్లోకి కొడుకుని పేరు పెట్టి పిలుస్తోంది అన్నారు.

"ఆహా, ఆ తల్లి అదృష్టమే అదృష్టం" అని గవిరేసు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

ఎప్పుడూ అక్కడ అనే మాట అదే. మామూలుగా ఆ సరికి జోగన్న గట్టెక్కి ఉంటాడు. నవ్వడం అయ్యాక, తనతో పాటు ఎవరూ నవ్వలేదని అతనికి తెలిసింది. నేను పైటచెంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాడు.

మాస్టారు అందె ఆపారు. టీకొట్టు కామెంటరీ ఒక్కటే గదిలోకి వస్తోంది.

"గవిరేసూ, జోగన్న ఇప్పుడెక్కడున్నాడు?"

గట్టెక్కాడు కదా అనబోయి గవిరేసు, మాస్టారి మొహం చూసి మాట సగంలో మింగేశాడు. నావైపు చూశాడు. అందించాలని నాకూ ఉంది, కానీ తల దించుకున్నాను. అతను గుమ్మెట మెల్లగా చాప మీద పెట్టాడు. గజ్జెల మూట వైపు ఒకసారి చూసి, అది తనది కాకుండా పోయిందనే అనుకున్నాడేమో, ఇంక దాచుకోవడానికి ఏమీ లేనివాడిలా చెప్పాడు.

"వినలేదు మాస్టారూ. రాత్రి మ్యాచీ కూడా చూడలేదు. ఎదురుగా ఆడుతూనే ఉంది, నేను ఫోనులో ఎవరేమంటున్నారో చదువుకుంటా కూర్చున్నాను. ఆ స్కిట్లూ అంతే. నేనేమనాలా అని వెతుక్కోవడంతోనే అయిపోతాయి. నాకు నిజంగా నవ్వొచ్చి ఎన్నాళ్లయిందో."

కసురుకోవడానికి మాస్టారికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆయన కసరలేదు. గజ్జెల మూట తన పక్కనుంచి చాప మధ్యకి జరిపారు. తంబూరా సర్దుకున్నారు.

"జోగన్న ఇంకా గెడ్డలోనే ఉన్నాడురా" అన్నారు. "ఏం అడుగుతావో అడుగు."