దొన్నెలో ఒక్క స్ట్రాబెర్రీ

అనగనగా పొగమంచు దిగే కొండల మధ్య ఒక ఊళ్ళో నూకాలు అనే ఆవిడ ఉండేది. ఏమే, ఎందుకు నవ్వుతావు? నా పేరే అయితే ఏం? ఆ కొండల్లో రాయి విసిరితే ఎవరో ఒక నూకాలుకే తగులుతుంది. దుప్పటి కప్పుకుని విను.

నూకాలుకి నెలలు నిండాయి. శ్రావణమాసం, ఒకటే వాన. ఊరి ముందున్న గెడ్డ, ఆ కొండవాగు, పొంగి బస్సులు ఆగిపోయాయి. పొద్దున మొదలైన నొప్పులు, మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. అప్పుడు సుగుణ అనే నర్సు నడుముకి తాడు కట్టుకుని ఆ గెడ్డ దాటి వచ్చింది. ఊరంతా ఆవిడని సిస్టరమ్మ అనేవారు. తడిబట్టలతోనే పురుడు పోసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

ఆ తర్వాత నూకాలు అత్తగారు చిలకమ్మ, ఇంట్లో ఉన్న ఒక్క కోడినీ తెచ్చి ఇవ్వబోయింది. సిస్టరమ్మ పుచ్చుకోలేదు.

"కోడి వద్దు పెద్దమ్మా. నా దగ్గర కుండీలో స్ట్రాబెర్రీ మొక్క ఉంది. మూడేళ్ళయింది, ఒక్క పువ్వూ పుయ్యలేదు. ఊళ్ళు తిరిగేదాన్ని, నేనేం చూస్తాను? కుండీ మీ ఇంటికి పంపుతాను, మీ కోడల్ని దాన్ని కాయించి ఒక్క పండు పెట్టమను, చాలు."

ఆ మాట నూకాలు మనసులో పడిపోయింది. ప్రాణం పోసిన మనిషి అడిగింది ఒక్క పండు. అదీ ఇవ్వలేకపోతే ఎలా?

మొదట ఏం చేసిందో తెలుసా? బాలింతకి చలిగాలి తగలకూడదంటారు కదా. తనలాగే మొక్కనీ గదిలో కుంపటి పక్కన పెట్టుకుంది. పదిహేను రోజులకి మొక్క పాలిపోయి వాలిపోయింది.

"ఓసి పిచ్చిదానా, అదేమైనా బాలింతరాలా? దానికి ఎండ తగలనీ, చలి తగలనీ" అని చిలకమ్మ తీసుకెళ్ళి పెరట్లో నాటింది. నడిమి మొగ్గ మట్టిలో కూరుకుపోకుండా పైకే ఉంచింది.

అప్పుడు నూకాలు, బలం రావాలని రోజూ దోసెడు పశువుల ఎరువు వేసింది. ఆకులు అరచేతులంత అయ్యాయి. పువ్వు మాత్రం లేదు.

"తిండి ఎక్కువైతే ఒళ్ళొస్తుంది గానీ పని రాదు. నా కొడుకుని చూడు!" అంది చిలకమ్మ. అంతటితో ఎరువు ఆపేసి, కాస్త బూడిద చల్లి ఊరుకున్నారు.

ఆ తర్వాత మొక్కకి తీగలు బయల్దేరాయి. ఒక్కో తీగ చివర ఒక్కో పిల్లమొక్క. నూకాలు మురిసిపోయింది. తల్లి నుంచి పిల్లల్ని ఎలా కోస్తాను, నాకు చేతులు రావంది. కార్తీకం వచ్చేసింది. మొక్క బలమంతా తీగలకే పోతోంది.

అప్పుడు చిలకమ్మ కోప్పడలేదు. పక్కన కూర్చుని, "నీ బిడ్డకి బొడ్డు ఎవరు కోశారే? సిస్టరమ్మ కొయ్యబట్టే కదా ఇద్దరూ బతికారు" అంది. నూకాలు కత్తెర తెచ్చి, కళ్ళు తుడుచుకుంటూనే తీగలన్నీ కోసింది. పిల్లమొక్కల్ని వేరే నాటింది.

మార్గశిరంలో చలి గజగజలాడించింది. ఒక పొద్దున చూస్తే మూడు తెల్లపువ్వులు! కానీ ఆ మంచుకి తేనెటీగలు బయటికి రావడం లేదు. సిస్టరమ్మ వద్దన్న కోడి లేదూ, దాని ఈకే ఒకటి ఏరుకొచ్చి నూకాలు పువ్వు పువ్వునీ మెల్లగా నిమిరింది. మూడూ కాయలయ్యాయి.

మొదటిది తడినేలకి ఆనుకుని కుళ్ళిపోయింది. అప్పుడు కింద వరిగడ్డి పరిచింది. రెండోది ఎర్రబడగానే ఆ కోడే పొడుచుకు తినేసింది. ఈక నాదే కదా అనుకుందేమో! మూడోదాని మీద బుట్ట బోర్లించి, పక్కనే కాపలా కూర్చుంది.

ఇంతలో కబురొచ్చింది. సిస్టరమ్మకి బదిలీ అయింది, ఎల్లుండి పొద్దున బస్సుకే వెళ్ళిపోతుంది. పండు చూస్తే సగమే ఎర్రబడింది. నూకాలు గంటగంటకీ బుట్ట ఎత్తి చూసుకుంది.

బస్సు వెళ్ళే రోజు పొద్దున బుట్ట తీసి చూసింది. పండింది! తొడిమ దగ్గర కాస్త తెలుపుంది, అంతే. అడ్డాకు దొన్నెలో పెట్టుకుని, బిడ్డని చంకనేసుకుని బస్సు దగ్గరికి పరిగెత్తింది.

సిస్టరమ్మ దొన్నెలోకి చూసి, పండుని మెల్లగా పైకి తీసింది. సగం కొరికి, మిగతా సగం నూకాలు నోట్లో పెట్టింది. "నువ్వూ ఇంకా రుచి చూడలేదు కదే" అంది.

పులుపా తీపా అంటే ఏం చెప్పను? నాకు కన్నీళ్ళ ఉప్పు ఒక్కటే తెలిసింది.

వెనకాలే చిలకమ్మ ఆయాసపడుతూ వచ్చింది. వేరే నాటిన పిల్లమొక్కనొకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. "కొత్త ఊళ్ళో పెట్టుకో తల్లీ, ఈసారి నువ్వే కాయించుకు తిను" అని చేతిలో పెట్టింది.

ఆ పాప ఏదంటావా? అదిగో, వంటింట్లో గిన్నెల చప్పుడు చేస్తోంది, మీ అమ్మ.

అప్పట్నుంచీ మనింట్లో తొలిపండు మనం తినం. మనకి మేలు చేసినవాళ్ళ చేతిలో పెడతాం. రేపటికి కుండీలో ఒకటి పండుతుంది. ఈసారి నీళ్ళు పోసింది నువ్వు కనక నువ్వే చెప్పాలి. ఎవరికిద్దాం?

"నీకే అమ్మమ్మా. సగం కొరికి, సగం నాకు పెట్టు."

ఓసి నా బంగారు తల్లీ! రా, ఇలా దగ్గరికి రా.

తీగ కోస్తే పువ్వొచ్చింది,
పువ్వు నిమిరితే పండొచ్చింది,
పండు దొన్నెలో ఊరేగింది.
కథ కంచి దారి పట్టింది,
మా బుజ్జికి నిద్ర ముంచుకొచ్చింది.